తిరగేసి పెట్టిన క్లచ్చి ప్లేటు

"తాతా, మన తెల్లకారు క్లచ్చి నువ్వూ మునస్వామి తాతా ఇంట్లోనే మార్చినారంట గదా? ఆ కత చెప్పు."

ఎవురు సెప్పినారు నీకు? మీ అవ్వేనా? ఆయమ్మ నోట్లో నువ్వుగింజ నానదు గదా! సరే, కూసో అమ్మణ్ణీ. నా మాటలు రికార్డు సేసే ఆ ఫోను రొంత దూరంగా పెట్టు, నాది పెద్ద గొంతు.

మునస్వామి అంటే మీ అవ్వకి ఒక్కగానొక్క తమ్ముడు. చంద్రగిరిలో పంపుసెట్లు రిపేరు సేస్తాడు. నేనా, తిరుమల ఘాట్లో ముప్పై ఏండ్లు బస్సు తోలినోణ్ణి. ఆ కాలంలో కొండమీంద కాపీ అర్ధరూపాయి... కాదు కాదు, ముప్పావలా. పోనీలే, కాపీ యాడికి పోతాది. పోయినేడు కారు క్లచ్చి అరిగిపోయింది. షెడ్డోడు సెప్పిన రేటు ఇని నాకు తల తిరిగింది. "బస్సులు తోలినోనికి ఈ బొమ్మకారు ఒగ లెక్కా? మనమే మారుద్దాం రారా" అని మునస్వామిని పిలిపించినా.

ఇంటిముందర జాకీ యేసి, రాళ్ళు పెట్టి, కారు కిందికి దూరినాం. గేరుబాక్సు దించేకి మధ్యాన్నమైంది. మునస్వామి మంచి పనోడు, అది నేను ఒప్పుకుంటా. కానీ మధ్యమధ్యలో "బావా, అది అట్లకాదు" అంటాడు. నాకు మండింది. "ఒరే, ముప్పై ఏండ్లు ఘాట్లో తోలినోణ్ణి, నాకే సెప్తావా? గమ్మున టార్చి పట్టుకో" అన్నా. పట్టుకున్నాడు పాపం.

అంతా బిగించినాం. మీ అవ్వ నిమ్మకాయ తిప్పి హారతిచ్చింది. స్టార్టు సేసి క్లచ్చి తొక్కి గేరు యేస్తే కర్ర్‌ర్‌ర్! ఇంజను ఆపితే గేర్లన్నీ సెప్పినట్టు పడతాయి. ఇంజను పలికిందంటే కర్ర్‌ర్. కేబులు బిగించినాం, వదులు సేసినాం, పెడలుకు అడ్డమేమోనని కాలికింద పట్టా గూడా పీకేసినాం. ఊహూఁ.

ఆఖరికి షెడ్డోడే వచ్చినాడు. వంగి గూడా సూళ్ళేదమ్మా. "పెద్దాయనా, ప్లేటు తిరగేసి పెట్టుంటారు. ఉబ్బుండే పక్క గేరుబాక్సు తట్టు ఉండల్ల" అని నవ్వినాడు. వీధి వీధంతా ఆడనే ఉండాది. నేనేం సేసినా? సెయ్యి సాపి "మునస్వామే పెట్టినాడు" అన్నా.

వాని మొగం సూడల్ల! "నేను ప్లేటు ముట్నే లేదు బావా" అన్నాడు. సేతులు తుడుసుకోని, అన్నం గూడా తినకుండా పొయినాడు. నెలైనా గడప తొక్కలే, బండి గూడా అట్లనే పడుండాది. మీ అవ్వ రోజూ కంచం నా ముందర ఠప్పుమని పెట్టేది. ఆఖరికి ఒగ పొద్దు, "యోవ్, నాకుండేది ఒగడే తమ్ముడు. ఇద్దురూ కాణిపాకం పొయ్యి సత్తెం సెయ్యండి. ఎవురిదో తేలేదాకా ఆ బండి విప్పేదానికి లేదు. ఆ బండిలోనే పొండి" అనింది.

కాణిపాకం సత్తెమంటే తెలుసు గదా నీకు? పంచాయితీలో తెగనిది ఆడ తెగుతాది. తలమింద నీళ్ళు పోసుకోని ఆ సామి ముందర అబద్దమాడేకి ఎవునికీ గుండె సాలదు. నాకు పోబుద్ది గాలేదు. ఎందుకంటావా... నీకాడ దాపరికమెందుకు. ప్లేటు పెట్టింది నేనే. ఘాట్లో బ్రేకు పట్టని కత ఎచ్చులుగా సెప్తా సెప్తా, ఏ పక్కదో సూడకుండా పెట్టేసినా.

పొయినాం. ఇంజను ఆపి ఫస్టు గేరేసి తాళం తిప్పితే కారు కప్ప మాదిరి ఎగిరి కదిలేది. ఇంక ఇంజను సద్దు ఇని క్లచ్చి లేకుండానే గేర్లు మార్చినా. ఆ ఇద్దెలో మాత్రం నన్ను కొట్టేవోడు లేడు! చంద్రగిరిలో మునస్వామి బుజాన తువ్వాల యేసుకోని నిలబడుండాడు. ముందర కూసోలేదు, ఎనక సీట్లో కూసున్నాడు, టిక్కెట్టు కొన్నోని మాదిరి. పాకాల కాడ బండి ఎగిరితే వాని ముక్కు ముందు సీటుకు తగిలింది. తువ్వాలతో ముక్కు తుడుసుకోని కిటికీ తట్టు తిరుక్కున్నాడు.

కాణిపాకంలో తడిగుడ్డల్తో సామి ముందర నిలబడినాం. "ప్లేటు నేను పెట్టలేదు సామీ" అన్నాడు వాడు, గట్టిగా. నా వంతొచ్చింది. "నేనేరా పెట్టింది. నలుగుర్లో సిగ్గుపడి నీమిందికి తోసేసినా" అన్నా. ఏడుపొచ్చింది నాకు.

"తెలుసు బావా. నువ్వు పెట్టేటప్పుడే సూసినా" అన్నాడు.

"సూసినోనివి సెప్పొచ్చు గదరా!"

"ఎట్ల సెప్పేది? నోరు తెరిస్తే ముప్పై ఏండ్లంటావు. టార్చి పట్టుకోమంటివి, పట్టుకుంటి."

యాడ పెట్టుకునేది మొగం? వచ్చేటప్పుడు ముందర కూసున్నాడు. ఇంటికొస్తే మీ అవ్వ వాకిట్లోనే "ఎవురిది?" అనింది. నేను నోరు తెరిసే లోపల వాడే, "ఇద్దురిదీనక్కా. బావ తప్పు పెట్టినాడు, నేను సూసి గూడా సెప్పలే" అన్నాడు. ఆ పొద్దు సంగటీ ఊరిబిండి పచ్చడీ కడుపునిండా తిన్నాం.

మర్నాడు మళ్ళీ విప్పినాం. టార్చి నేను పట్టుకున్నా.

నీకు గూడా తప్పు కనపడితే సెప్పే మనిషి దొరకల్ల తల్లీ. దొరికితే అరిసి ఆ మనిషి నోరు ముయ్యగాకు. సల్లగా ఉండు... రొంత ఉండమ్మా, వాడే ఫోను సేస్తాండాడు. ఆ, సెప్పరా మునస్వామీ. సెప్పు, ఇంటాండా...