ఒక నల్ల టేపు ముక్క

మందుల కంపెనీ వాళ్ళు పదకొండింటికి వస్తామన్నారు. ఇప్పుడు పదింపావు. ఫోటాన్లతో, అంటే వెలుగు కణాలతో, లెక్కలు కట్టే యంత్రం ఉన్న గదిలో ఇద్దరే ఉన్నారు: ల్యాబ్‌ని నడిపే మామగారు, గాజు ఫైబర్లకి అతుకులు వేసే కోడలు.

"ఆ టేపు ఎవరంటించారు?"

"నేనే, సార్."

"సార్ ఏమిటి, సార్! ఇక్కడెవరూ లేరుగా."

"సరే, మావయ్యగారూ. నేనే అంటించాను."

"ఎందుకట?"

"లేజర్‌కి కరెంటిచ్చే పెట్టె ఉంది కదా. దాని మీద చిన్న ఆకుపచ్చ దీపం. అది కనబడకుండా."

"కంట్లో గుచ్చుకుంటోందా?"

"నా కంట్లో కాదు. డిటెక్టర్ కంట్లో."

"అమ్మాయ్, ముప్పావుగంటలో వాళ్ళొస్తారు. నిన్న సాయంత్రం తొంభై ఆరు చూపించిన యంత్రం పొద్దున్నే ఎనభై అంటోంది. నువ్వేమో దీపం కబుర్లు చెబుతున్నావు."

"టేపు అంటించాకే ఎనభై అయింది."

"అయితే పీకెయ్."

"పీకితే తొంభై ఆరు వస్తుంది."

"అదేగా మనకి కావలసింది!"

"మావయ్యగారూ, ఒక్కసారి వినండి. ఆరుసార్లు చూశాను. పీకితే తొంభై ఆరు, అంటిస్తే ఎనభై. ఆ పదహారూ ఎవరివి?"

"ఎవరివి?"

"దీపానివి. మనం వంద ఫోటాన్లు పంపితే ఎనభై చేరుతున్నాయి. ఇరవై దారిలోనే పోతున్నాయి. దానికి తోడు దీపం వెలుగు కాస్త జారి డిటెక్టర్‌లో పడుతోంది. దానికేం తెలుసు పాపం, ఏది పడినా టిక్కుమంటుంది. మనం చేరిందని రాసుకుంటున్నాం."

"మధ్యలో మూత ఉందిగా."

"మూతకి సందు ఉంది. పొద్దున అతుకు చూద్దామని తీస్తే కనబడింది. ఇదిగో, ఇక్కడ."

"వెంట్రుక పట్టేంత సందు."

"ఫోటాన్‌కి అది సింహద్వారం."

"ఉండు, ఉండు. రోజూ ఖాళీ లెక్క తీస్తాం కదా. ఫోటాన్లు పంపకుండా ఎన్ని టిక్కులు వస్తాయో చూసి, వాటిని కొట్టేస్తాం. దొంగ వెలుగేదైనా ఉంటే అందులో దొరికిపోయేది."

"ఖాళీ లెక్కకి ముందు ఏం చేస్తాం?"

"లేజర్‌కి కరెంటు ఆపేస్తాం."

"ఎక్కడ ఆపుతాం?"

"ఎక్కడేమిటి, ఆ పెట్టె దగ్గ... ఓరి దేవుడా."

"దాంతో దీపం కూడా ఆరిపోతుంది. దొంగ బయటికి పోయాక ఇల్లంతా వెతికి, దొంగ లేడని రోజూ సంతకం పెడుతున్నాం."

"ఆ పద్ధతి నేను పెట్టిందే."

"నేను మిమ్మల్ని అనలేదు."

"అన్నా అనకపోయినా... సరే. ఇవాళ్టికి ఆ టేపు తీసెయ్. రేపు తీరిగ్గా చూద్దాం."

"మావయ్యగారూ!"

"ఇరవై మంది జీతాలమ్మా! ఇవాళ వాళ్ళు తలూపకపోతే ల్యాబ్ మూతే."

"వాళ్ళు దీని మీద గుండె మందు లెక్కలు వేయిస్తారట. అది ఎవరి ఒంట్లోకో వెళ్తుంది. ఆ ఒంటికి మన దీపం సంగతి తెలియదు."

"నీతులు నాకు చెప్పకు."

"నాకు మాత్రం సరదాగా ఉందా? ఆ రెండొందల నలభై అతుకులూ ఈ చేత్తో వేసినవే. అతుకులు వెయ్యడానికి కొత్త పద్ధతి కనిపెట్టింది మీ అబ్బాయి. పొద్దుట్నుంచీ ఏడుపు మింగుకుంటున్నాను."

"మరి వాడి కోసమైనా..."

"ఆయన కోసమే అడుగుతున్నాను. ఆ పెట్టె అక్కడికి ఎప్పుడొచ్చింది?"

"పెట్టెకేం. పెట్టె పెట్టే."

"ఎప్పుడు పెట్టారు?"

"మంచినీళ్ళ సీసా ఎక్కడ పెట్టావు?"

"మీ చేతిలోనే ఉంది. ఆ బల్ల మీద మీరు తప్ప ఇంకెవరూ చెయ్యి వెయ్యరు కాబట్టి అడుగుతున్నాను. కొత్త అతుకుల కోసం పోయిన నెల బల్లంతా విప్పి సర్దారే, అప్పుడు పెట్టారా? అయితే ఆయన పెంచింది ఒక్కటే. పాత అతుకులతో మీకు వస్తుండిన డెబ్భై తొమ్మిది ఎనభై అయింది, అంతే. మిగతాదంతా దీపమే. అలా కాక అంతకుముందునుంచీ ఉందీ అంటే..."

"లేదు."

"ఏది లేదు?"

"ముందు లేదు. పోయిన నెలే. పోయిన నెలే పెట్టాను."

"బాగా గుర్తుందా?"

"ఎన్నిసార్లు చెప్పాలి! పోయిన నెలే."

"నాన్నా, వాళ్ళు ముందే వచ్చేశారు. కింద కూర్చోబెట్టాను. ఇదేమిటి, ఎనభై అంటోంది?"

"ఏం లేదురా. మీ ఆవిడ ఏదో..."

"ఏవండీ, ఇటు రండి. ఈ టేపు పీకుతాను, మీరు అంకె చూడండి."

"తొంభై ఆరు."

"మళ్ళీ అంటిస్తున్నాను."

"ఎనభై. ఇంకోసారి పీకు."

"వద్దండీ."

"పీకమంటున్నానా! తొంభై ఆరు... దీపమా? అంతా దీపమేనా?"

"అంతా కాదు. ఒక్కటి మనది. పెట్టె పోయిన నెల పెట్టారట, మావయ్యగారు చెప్పారు."

"ఒక్కటి. మూడేళ్ళు కూర్చుని, నీ చేత రెండొందల నలభై అతుకులు వేయించి, ఒక్కటి పెంచానన్నమాట."

"ఒరేయ్, కాస్త కూర్చో."

"కూర్చుంటే తీరే పనా, నాన్నా? కిందికి వెళ్ళి చెప్పేస్తాను."

"ఏమని?"

"నా పద్ధతి ఒట్టిదని. తప్పు ల్యాబ్‌ది కాదు, నాన్నది కాదు, నాదేనని."

"ఏవండీ, అతుకులు నావి కూడా."

"నువ్వు నేను గీసినట్టు వేశావు. నీకేం సంబంధం లేదు. నాన్నా, మీ డెబ్భై తొమ్మిది ఉంది కదా, అదే చూపించండి వాళ్ళకి. పన్నెండేళ్ళుగా ఎవరూ వేలెత్తి చూపని లెక్క. దాన్ని చూసైనా కొన్నాళ్ళు ఆగుతారు."

"వాళ్ళకి నీ పేరు..."

"నా పేరుకేం, నాన్నా. ఇంకెక్కడైనా ఉద్యోగం చూసుకుంటాను. వెళ్తున్నాను."

"ఆగరా."

"వాళ్ళు ఎదురుచూస్తున్నారు."

"ఆగమన్నానా!"

"మావయ్యగారూ, ఏమైంది? ఇలా కూర్చోండి."

"కూర్చోనమ్మా. పద, నేనూ వస్తాను, వాళ్ళ ముందు నేనే చెబుతాను. ఆ పెట్టె పోయిన నెల రాలేదురా. పన్నెండేళ్ళ కిందట మొదటి రోజున పెట్టాను, బల్ల ఎన్నిసార్లు విప్పినా మళ్ళీ అక్కడే పెట్టాను. దీపం వాటా తీసేస్తే నా డెబ్భై తొమ్మిది అరవై మూడేరా, దాన్ని ఎనభై చేసింది నువ్వు."