బుద్ధి నేర్చిన పిల్లి

ముసలి టైలరు బుట్ట తెచ్చి పశువుల డాక్టరమ్మ బల్ల మీద పెట్టి మూత తీశాడు. లోపల పిల్లి కిక్కురుమనలేదు.

"ఒంట్లో బాగానే ఉంది బాబాయ్. అరుపులు తగ్గాయా?"

"నువ్వు చెప్పినట్టే చేశానమ్మా. కసరలేదు, కొట్టలేదు. అది అరిచినంతసేపూ తల తిప్పకుండా మిషను కుట్టుకున్నాను. ఊరుకున్నాకే పాలు పోశాను."

"మరింకేం, బుద్ధిగా తయారైంది."

"మళ్ళీ అరిచేట్టు నేర్పాలమ్మా."

"అదేంటి, చెవులకు చిల్లులు పడుతున్నాయన్నావుగా."

"అన్నాను. మీ పిన్ని పోయాక ఆ ఇంట్లో నన్ను పిలిచేది అదొక్కటేనని అప్పుడు తట్టలేదు."

"పోనీ, ఈసారి నువ్వే పిలువు."

"నిన్న పొద్దస్తమానం పిలిచానమ్మా. అచ్చం నాలాగే, తల కూడా తిప్పలేదు."