దిగిపోయిన వంటగుండం

తెల్లవారేసరికి న్యూజిలాండ్‌లోని ఆ మావోరీ పల్లెలో ఊరంతా వండుకునే, నేలలోంచి ఉబికే వేడినీటి గుండం జానెడు దిగిపోయి ఉంది. వచ్చినవాళ్లకు ఊరు చూపించే ఆవిడ, ఉడికించడానికి తెచ్చిన మొక్కజొన్న కండెల సంచి గట్టున పెట్టి తమ్ముణ్ణి పిలిపించింది.

“నేల లోపల ఏం జరిగిందో మనకేం తెలుసక్కా.”

“నాకు కొంచెం తెలుసులే. నీ ఇంటి వెనక ఆ ఆవిరేమిటి?”

“నీ మరదలు బట్టలు ఉడకబెడుతోంది.”

“నిన్న దాన్ని పుట్టింటి బస్సెక్కించింది నేనేరా.”

ఆవిడ గుండం వైపు చెయ్యి చూపించింది.

“ఊరందరికీ ఇదే పొయ్యి. ఇది ఆరిపోతే ఏం తింటాం? ఊరు చూడ్డానికొచ్చిన జనం వంతెన మీద నిలబడ్డారు, వాళ్లకేం చూపించను?”

“అద్దె గదులు వెచ్చగా ఉంటాయని నేనే చాటుగా ఈ వేడినీటికే బోరు వేయించానక్కా. మూసేద్దామని రెండు రోజులుగా చూస్తున్నా. లోపలి ఆవిరి తోసేస్తోంది, మూత నిలవడం లేదు.”