కీలు లేని చోట వంగిన చెయ్యి

నా పేరు ము. మణికంఠన్. తండ్రి మునియప్పన్, ఇప్పుడు లేరు. వయసు పదిహేడు. ఆరో తరగతిలో చదువు మానేశాను. పుదుచ్చేరి ఉప్పళంలో మటన్ స్టాల్‌లో పనిచేస్తాను. జనం ముందు నాకు మాట రాదు. అందుకని ఎస్.ఐ. గారు అడిగినవాటికి ఫోన్‌లో మెసేజ్ పెట్టాను. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని ఆ అక్షరాలు రావు, తమిళ అక్షరాలతో టైపు చేశాను. తెలుగు తెలిసిన స్టేషను రైటరు గారు దాన్ని ఇలా రాశారు. మా అమ్మ కన్నియమ్మాళ్ పక్కనే ఉంది.

నేను కత్తి తీసుకుని వచ్చానని వెట్రివేల్ ఫిర్యాదు ఇచ్చాడు. అతను మా అక్క దీపా మొగుడు. బావ అని పెట్టమని అమ్మ ఇప్పుడు కూడా మోచేత్తో పొడుస్తోంది. పెట్టను.

పోయిన నెల అక్క ఎడమ చెయ్యి విరిగింది. బాత్రూంలో జారి పడ్డానని ఆసుపత్రిలో చెప్పింది. వెట్రివేల్ పక్కనే నిలబడి ఉన్నాడు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు ఎముకలు. ఒకదాని మీద విరిగిన గీత అడ్డంగా లేదు, చుట్టుకుంటూ దిగింది.

"మెలిపెడితే ఇట్ల విరుగుతుంది. ఎవరన్నా చెయ్యి తిప్పినారామ్మా?"

"పడినాను మేడం" అంది అక్క. ఆరు వారాలు పిండికట్టు తీయొద్దన్నారు.

నిన్న ఆదివారం గోరిమేడులో, వాళ్లింట్లో అక్కకు గాజులు తొడిగే వేడుక. ఏడో నెల. మాలో పెద్దవాళ్లు ఒక్కొక్కరే వచ్చి రెండు చేతులకూ నిండుగా తొడగాలి. ఉదయం పది గంటలకు గాజుల పెట్టె తీసుకుని వెళ్లాను. అక్క చేతికి పిండికట్టు లేదు. వెట్రివేల్ బక్కెట్లో నానబెట్టి కత్తెరతో కోసేశాడు. ముక్కలు పెరట్లో ఉన్నాయి, వెళ్లి చూసుకోండి.

"ఏంది ఇది? కట్టు యాడ?" అన్నాను.

"కట్టు మీద గాజులు ఎట్ల ఎక్కుతాయి రా? వచ్చినోళ్లు అడిగితే నువ్వు చెప్తావా జవాబు? నీకు నోరే లేదే!" అన్నాడు వెట్రివేల్.

అతని తమ్ముళ్లు నవ్వారు.

అతని తల్లి రంగమ్మాళ్ మొదటి గాజు తీసింది. చెయ్యి వాచి ఉంది, ఎక్కలేదు. "కొంచెం ఓర్చుకో దీపా, ఇట్లయితే బిడ్డను ఎట్ల కంటావు?" అని వేళ్లన్నీ దగ్గరికి నొక్కి నెట్టింది. అప్పుడు వంగింది. మోచేయి వంగాలి, మణికట్టు వంగాలి. ఆ రెంటి నడుమ కీలు లేదు. అక్కడ వంగింది. గాజు పగిలింది.

"ఏం లేదు, ఇంకోటి తీయండి" అని వెట్రివేల్ అదే చెయ్యి పట్టుకోబోయాడు. నేను అతని కుడి చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పాను. భుజం జారింది. వదిలేశాను.

కత్తి లేదు. నా కత్తులు స్టాల్‌లోనే ఉన్నాయి, యజమాని కృష్ణస్వామి గారిని అడగండి. ఆయన నాకు మొదట నేర్పింది కీలు వెతకడం. మేకకైనా మనిషికైనా మోచేయి తలుపు బందు లాంటిది, ఒక వైపుకే మడుస్తుంది. రెండో వైపు తిప్పితే పోయినట్టే. భుజం గిన్నెలో గుండు కూర్చున్నట్టు ఉంటుంది. ఊడుతుంది, మళ్లీ కూర్చుంటుంది. నేను భుజాన్నే తిప్పాను. మోచేయి నా చేతికి ఇంకా దగ్గరగా ఉండింది.

కోపంలో తెలియక చేశావా అని ఎస్.ఐ. గారు అడిగారు.

"అవునని పెట్టు రా, నా సామీ" అంది అమ్మ.

లేదు. తెలిసే చేశాను.

వెట్రివేల్ భుజం నిన్న మధ్యాహ్నమే కూర్చోబెట్టారు. ఇవాళ తమ్ముడి బండి వెనక కూర్చుని స్టేషనుకు వచ్చాడు. అక్క ఆసుపత్రిలోనే ఉంది, చెయ్యి కోసి ఎముకకు ప్లేటు వేయాలట. ఇంకా జారి పడ్డాననే అంటోంది. అతను మంచం పక్కనే ఉంటాడు. అతన్ని బయటికి పంపి అక్కను ఒక్కసారి అడగండి. ఆ ఇంటికి మాత్రం పంపకండి. నన్ను ఎక్కడికైనా పంపండి.

ఇవన్నీ నేను పెట్టిన మాటలే, జరిగినవే. రైటరు గారు చదివి వినిపించారు. ఒకచోట బావ అని రాసి ఉంటే కొట్టివేయించాను. అమ్మ మొదట వేలిముద్ర వేయనంది. ఇప్పుడు వేస్తోంది.

(సంతకం, తమిళంలో) ము. మణికంఠన్
(ఎడమ బొటనవేలి ముద్ర) తల్లి కన్నియమ్మాళ్