మే నెలలో చలి పరీక్ష

మీ తాత ఎల్లాజీ బాయిలరు బొమ్మ సంగతి కావాలా నీకు? అదేటే అమ్మా, గుక్కెడు మంచినీళ్ళైనా తాగకుండా బొమ్మ అంటావు! కూకో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతాది, ఈ మంచం మీద కూకో. ఆఁ, కాలేజీలో ప్రాజెక్టా? మంచిదే. మీ తాత పోయి పదేళ్ళైనాక మీ కాలేజీకి ఆడితో పని పడిందన్న మాట. బతికున్నన్నాళ్ళూ ఏ ఆఫీసుకీ ఆడితో పని పడనేదు. ఆ బొమ్మ గీసింది నానే, మీ యమ్మ సెప్పిందా? సెప్పే ఉంటాది. ఉక్కునగరం క్వార్టర్లో వంటింటి గచ్చు మీద ఆడు సుద్దముక్కతో గీసీవోడు, నాను పక్కన గొంతుకూర్సుని స్కేలు పెట్టి కాయితం మీదకి ఎక్కించీవోణ్ణి. మీ అమ్మమ్మ గంగాలమ్మ సేపలు తోముతా తిట్టీది, "తుడిసిన గచ్చు మీద ఈ దెయ్యంబొమ్మేటి? ఒకడు రిటైరైపోనాడు, ఇంకొకడికి ఆఫీసులో పన్నేదు, మద్దిలో నా గచ్చు దొరికింది మీకు" అని. నిజం సెప్పాలంటే ఆఫీసులో నాకు పన్నేదు మరి. డ్రాఫ్ట్స్‌మన్ శ్రీరామ్మూర్తి అని పేరే గానీ, మొత్తం సర్వీసులో నాను గీసినవి మరుగుదొడ్లు, ప్రహరీగోడలు. ఆ గోడల్లో సగం కట్టనేదు.

ఎక్కడున్నాను? ఆఁ, సలి. అసలు మనకి సలంటే ఏటి తెలుసమ్మా? విశాఖపట్నంలో ఇరవై డిగ్రీలొచ్చిందంటే మంకీ క్యాపులు, మఫ్లర్లు, పాలపేకెట్టుకెల్లినా స్వెట్టరు. సెమట కారతా స్వెట్టరేసుకున్నోళ్ళని నాను ఇక్కడే సూసాను. అయితే మీ యమ్మకి కొండ మీద ఆడపిల్లల హాస్టల్లో టీచరుద్యోగం వచ్చింది కదా, లంబసింగి దాటి ఇంకా పైకి. జీపు దిగినాక మూడు కిలోమీటర్లు నడక. అప్పటికి నువ్వు పుట్టనేదు. కూతుర్ని సూడ్డానికని ఎల్లాజీ డిసెంబర్లో ఎండుసేపల మూట పట్టుకుని ఎల్లాడు, వారం ఉంటానన్నోడు మూడో రోజుకే దిగీసాడు. టీ ఇచ్చినా తాగడు, గ్లాసు అలా సేత్తో పట్టుకునే కూకున్నాడు. ఆకర్న అన్నాడు, "బావా, నాలుగు డిగ్రీలు. ఎనభై నలుగురు ఆడగుంటలు. ఇద్దరికి ఒక దుప్పటి. తెల్లారగట్ల మా సూర్యకళ పలకల మీద రాయిత్తంటే ఆళ్ళకి సేతి ఏళ్ళు వంగక బలపాలు జారిపోతన్నాయి. నాను ముప్పై రెండేళ్ళు కొలిమి పక్కన వెల్డింగు సేసి వేడెక్కువై సచ్చాను, ఆళ్ళు వేడి నేక సత్తన్నారు. వచ్చే డిసెంబరుకి ఆ రెండు గదులూ ఎచ్చబడాల." అంతే. అదొకటే పట్టుకున్నాడు. డిసెంబరు, రెండు గదులు.

బాయిలరంటే ఏదో ఇంజినుషెడ్డంత ఉంటాదనుకునీవు. ఆడు సేసింది నా నడుం దాకా వచ్చీది. ఎందుకంత సిన్నదంటే, జీపు ఎల్లదు కదా, ఇద్దరు మనుషులు కావిడేసుకుని మొయ్యాల. "నలభై రెండు కేజీలు దాటితే అది బాయిలరు కాదు బావా, పెళ్ళి కావిడి" అనీవోడు. ఇప్పుడంటే నువ్వు ఫోన్లో లెక్కలేసీత్తావు గానీ, ఆడు తూకానికి ఒక్కొక్క రేకూ సేత్తో ఎగరేసి పట్టుకుని సెప్పీసీవోడు, ఇది కేజీ నూటయాభై అని. నాను కాటా మీద పెడితే కేజీ నూటఅరవై వచ్చీది. పది గ్రాములు తప్పినందుకు నన్ను తిట్టీవోడు, కాటాని కాదు. మంట ఏటితో అంటావా? కాఫీ పొట్టు. కొండ మీద కాఫీ తోటలోళ్ళు గుట్టలుగా పారబోత్తారు కదా. రాత్రికి ఇరవై కేజీల బస్తా ఒకటి. పంపు నేదు, కరెంటు నేదు. వేడినీళ్ళు వాటంతటవే పైకెక్కి గోడల ఎంట పైపుల్లో తిరిగి, సల్లారి కిందకి దిగుతాయి. పైన తొట్టి మూత ఊరికే పెట్టుంటాది, ఆవిరి బిగుసుకోడానికి సందే నేదు, పేలడానికి ఏటుంది అందులో? అసలు కిటుకు పొగలో ఉంది. మన ఇళ్ళల్లో స్నానాలకి రాగి బాయిలరు ఉండీది కాదూ, మద్దిలో గొట్టం తిన్నగా పైకి పోయీది? సగం వేడి ఆ గొట్టంలోంచి ఆకాశానికి పోయీది. ఈడు పొగని పైకి పంపించి, మళ్ళీ కిందకి దింపి, మళ్ళీ పైకెక్కించాడు. పొగని మూడుపాలి తిప్పి దాన్లో వేడంతా లాగీసీవోడు. మా ఆఫీసూ అంతే, మనిషిని ముప్పై పాలి తిప్పి పేణం లాగీసీది. కాపోతే అక్కడ ఏదీ ఎచ్చబడదు. ఆకరి పరీక్ష ఆడిది ఒకటే ఉండీది. మంట బాగా ఎక్కినాక పొగగొట్టం మీద అరిచెయ్యి పెట్టి పది లెక్కెట్టాలి. సెయ్యి కాలిందంటే ఆ వేడి దండగ. మొదట్లో మూడు లెక్కెట్టీసరికి బొబ్బలొచ్చీవి. మార్చికి పది లెక్కెట్టాడు. ఆ రోజు మీ అమ్మమ్మ సేత కూడా పెట్టించి లెక్కెట్టించాడు. ఆవిడ ఏడు దాకా లెక్కెట్టి, "అన్నం ఉడుకుతాదా దీని మీద?" అంది.

ఇంక ఆఫీసు. డిపార్టుమెంటు పేరు నాను సెప్పను, పింఛను ఆళ్ళే ఇత్తన్నారు. హాస్టల్లో మేకు కొట్టాలన్నా ఆ ఆఫీసు పర్మిషను కావాల. మా పెద్ద ఇంజనీరు దేవీప్రసాద్ గారని, మంచోడే, ఎవరికీ కీడు సెయ్యడు, ఎవరికీ మేలూ సెయ్యడు. ఎల్లాజీ నమస్కారం పెట్టి కాయితం ఇస్తే ఆయన అటు తిప్పి ఇటు తిప్పి, "ఏమయ్యా, నువ్వు ఇంజనీరువా?" అన్నాడు. "కాదండి, వెల్డర్ని." "మరి ఇది బాయిలరని ఎవరు చెప్పారు?" "నానే సెప్తన్నానండి." "నువ్వు చెబితే ఎలా? కమిటీ చెప్పాలి." ఏసాడు కమిటీ. ఆయన ఒకడు, స్టోర్సు కన్నబాబు ఒకడు, బొమ్మలు తెలిసినోడు ఉండాలని నాను ఒకణ్ణి. గది పది డిగ్రీలు వేడెక్కితే పాసు అని రూలు రాసారు. మరి కొండ మీదకెల్లి సూద్దావండి అంటే, దేవీప్రసాద్ గారికి ఘాట్ రోడ్డంటే వాంతులు. కన్నబాబుకి దోమలు. "సామాను ఇక్కడికే పట్రండి, మన మీటింగ్ హాల్లో చూస్తాం" అన్నారు. ఫైలు కదిలి కదిలి పరీక్ష తేదీ పడింది. మే ఇరవై రెండు. నవ్వకు. బైట నలభై డిగ్రీలు, ఆఫీసు కుక్క నీళ్ళకుండీలో కూకుంది. ఎల్లాజీ అడిగాడు, "అయ్యా, సలి ఎక్కడుంది?" అని. దేవీప్రసాద్ గారు, "దానికేముందయ్యా, చలి మేం చేయిస్తాం" అన్నాడు. హాల్లో నాలుగు ఏసీలు పదహారు డిగ్రీల మీద పెట్టీసారు, తలుపులు మూసీసారు. కన్నబాబు ఇంటికి మనిషిని పంపించి శాలువా తెప్పించుకున్నాడు. ముగ్గురం కుర్చీల్లో కూకున్నాం. పొగగొట్టం కిటికీలోంచి బైటికి పెట్టి ఎల్లాజీ పొట్టు అంటించాడు.

ఇప్పుడు సూడు తమాసా. బాయిలరు వేడెక్కిత్తంటే ఏసీలు ఊరుకుంటాయేటి? అవి ఇంకా గట్టిగా సల్లబెడతన్నాయి. ఈడు ఇంకో దోసెడు పొట్టు ఎగేత్తాడు, అవి గుర్రుమంటాయి. గోడకున్న థర్మామీటరు ఇరవై నాలుగు దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది. ఎల్లాజీ సేతులు జోడించాడు, "బాబూ, ఆ ఏసీలు కట్టీండి, అప్పుడు తెలుస్తాది." దేవీప్రసాద్ గారు ఏటన్నాడో తెలుసా? "ఏసీలు ఆపేస్తే చలి ఎక్కడిదయ్యా? రూలు ప్రకారం చలి ఉండాలి." గంటన్నర ఇదే యుద్ధం. అప్పుడు కరెంటు పోయింది. నాలుగు ఏసీలూ ఒక్కపాలి నోరు మూసాయి. ఇంకేటుంది, పది నిమిషాల్లో హాలు నలభై ఒకటి. కన్నబాబు శాలువాలో సిక్కుకుని, "మంటలు! మంటలు!" అని బల్ల ఎక్కీసాడు. ఎల్లాజీ ఒక్కడూ నవ్వుతన్నాడు, "సూసారా అయ్యా, వేడెక్కింది! పదిహేడు డిగ్రీలు!" దేవీప్రసాద్ గారు సెమట తుడుసుకుంటా ఎల్తా ఎల్తా పొగగొట్టం మీద సెయ్యేసాడు. తీయనేదు. అలాగే ఉంచి నా వైపు సూసి, "ఏంటోయ్, ఇది చల్లగా ఉందేంటి? ఇంతసేపూ ఇది పని చెయ్యలేదన్న మాట!" అన్నాడు. మూణ్ణెల్లు బొబ్బలెక్కి ఏది సాదించాడో అదే తప్పైపోయింది. ఎల్లాజీ నోరు తెరిసి నా వైపు సూసాడు. నువ్వు సెప్పు బావా, నీకు తెలుసు కదా అన్నట్టు. నాను కాయితాలు సర్దుకుంటన్నాను.

రిపోర్టులో మూడు ముక్కలు. ఒకటి, సదరు యంత్రం గదిని వేడి చెయ్యలేదు. రెండు, గది విపరీతంగా వేడెక్కి సభ్యులు ఇబ్బంది పడ్డారు. మూడు, పొగగొట్టం చల్లగా ఉన్నందున యంత్రంలో లోపమున్నది. మూడూ ఒకే కాయితం మీద, ఒకే చేతిరాత. బాయిలరు కూడా తిరిగి ఇవ్వనేదమ్మా, పరీక్షలో ఉన్న వస్తువని స్టోర్సులో పెట్టీసారు. కన్నబాబు దాని మీద మజ్జిగ ఫ్లాస్కు పెట్టుకునీవోడు.

సంతకాలా? ఆళ్ళిద్దరూ పెట్టీసారు. నాను రెండ్రోజులు పెట్టనేదు. నిజంగానే పెట్టనేదు, ఎందుకబద్దం. మూడో రోజు దేవీప్రసాద్ గారు పిలిసాడు. మెల్లిగా మాటాడతాడు ఆయన, అదే భయం. "శ్రీరామ్మూర్తీ, నీకంత చలి మీద నమ్మకముంటే ఆ కొండ మీద సెక్షన్ ఆఫీసులో ఖాళీ ఉంది. వేస్తాను, మూడేళ్ళుండి నువ్వే చూసుకో." అమ్మా, నాకు సలంటే పడదు. సిన్నప్పట్నించీ అంతే, ఉబ్బసం. నాలుగు డిగ్రీలు. జీపు దిగి మూడు కిలోమీటర్లు. ఆ బల్ల మీద ఆయన పెన్నే ఉంది, దాంతోనే పెట్టీసాను. గదులకి వేడక్కర్నేదని సంతకం పెట్టినోణ్ణి, సలికి బయపడి పెట్టాను. సాయంత్రం ఎల్లాజీ గుమ్మంలోకి వచ్చి, "నువ్వూ పెట్టీసావా బావా?" అని అడిగాడు. "నాను పెట్టనేదురా, ఆళ్ళిద్దరే" అన్నాను. "అదీ మా బావంటే" అన్నాడు. నన్ను వాటేసుకున్నాడు కూడాను.

తరవాతేటి? మీ తాత ఊరుకుంటాడా? ఆ బొమ్మ పట్టుకుని రెండోది సేసాడు. అప్పటికే దగ్గు మొదలైంది ఆడికి, రెండు రేకులు అతికి, కూకుని దగ్గి, మళ్ళీ రెండు రేకులు. పర్మిషనూ నేదు, గిర్మిషనూ నేదు. డిసెంబరు తొమ్మిదిన మీ యమ్మ ఆ పిల్లల నాన్నల్ని ఆరుగుర్ని జీపు దగ్గరికి తెచ్చింది, కావిడేసి మార్సి మార్సి మోసుకెల్లారు. నలభై ఒక్క కేజీ, ఒకటి తగ్గించాడు ఎదవ. రెండు గదులూ పందొమ్మిది డిగ్రీలకొచ్చాయంట. గుంటలు దుప్పట్లు తీసీసి పడుకున్నారంట. అక్కణ్ణించి వచ్చినప్పుడల్లా, బతికున్నన్నాళ్ళూ, ఆదివారం నా దగ్గరికి వచ్చి, "ఒక్కపాలి రా బావా, నువ్వు గీసిందే కదా, సూద్దువు గానీ. ఎచ్చగా ఉంటాది, నీకేటీ అవ్వదు" అనీవోడు. మోకాళ్ళనీవోణ్ణి. ఎవరిదో పెళ్ళనీవోణ్ణి. ఎల్లనేదు.

ఏటది? బొమ్మతో పాటు దొరికిందా? ఎక్కడ, మీ తాత పనిముట్ల పెట్లోనా? ఏదీ ఇలాగియ్యి. కళ్ళజోడు... ఆఁ ఉంది. ఇది ఆ రిపోర్టే. కాపీ. మూడు సంతకాలూ... ఇది నాదే. ఆడికెవరిచ్చారిది? ముద్ర తేదీ సూడు, మే ఇరవై ఎనిమిది. అంటే వారం తిరక్కుండానే ఆడి సేతికొచ్చీసింది. అన్ని ఆదివారాలూ, టీ తాగతా, బావా బావా అని... ఆడికి తెలుసన్న మాట. నా సంతకం కింద పెన్సిలుతో ఏదో గీకాడు, ఆడి రాత నాకు అర్థమవ్వదు ఎప్పుడూ. నువ్వు సదువమ్మా. గట్టిగా సదువు.

"బావకి సలి పడదు. పిలవకుండా ఉండొద్దు."



ఆ ఫాను కట్టీ తల్లీ. వద్దు, వద్దు, ఉండనీ. నువ్వు అన్నం తిన్నావా?