మబ్బుకు దొరకని సంతకం

లింగన్న కథ మొదలుపెట్టాడంటే రామక్క స్టవ్వు మంట తగ్గించేస్తుంది. అది అయ్యేదాకా ఎవరూ రెండో టీ అడగరని ఆమెకు తెలుసు. అనంతపురం యూనివర్సిటీ గేటుకు ఎదురుగా ఉన్న ఆమె టీ కొట్టు బల్ల మీద కూర్చుని, విదేశీ చదువుల ఆఫీసు అటెండరు లింగన్న ఇరవై ఏళ్లుగా కోసిన కోతలన్నీ కుప్ప పోస్తే కళ్యాణదుర్గం దాకా రోడ్డు మూసుకుపోతుంది.

ఆ రోజు నాలుగు గంటలప్పుడు షాహిదా అక్కడికి వచ్చింది టీ కోసం కాదు, తన ఫారం కోసం. బోరు మోటార్లు బాగుచేసే ఇంట్లో పుట్టి, ఎండిన బోర్లు చూస్తూ పెరిగి, భూగర్భ జలాల చదువులో చేరిన పిల్ల. ఫిన్లాండులో ఒక సెమిస్టరు చదివే అవకాశం వచ్చింది. అక్కడి పేపర్లు ఇక్కడి పేపర్లకు సమానమని లింగన్న ఆఫీసు పెద్ద, ప్రొఫెసరు పద్మప్రియ మేడం సంతకం పెట్టాలి, ఆ ఫారం సాయంత్రం ఐదులోపు రిజిస్ట్రార్ ఆఫీసులో పడాలి. పడకపోతే ఇంతే సంగతులు. మేడం ఇప్పటికే రెండుసార్లు తిప్పి పంపింది. మంచు కరిగి నేలలోకి ఇంకే పాఠం మన బోరు పాఠానికి ఎట్లా సమానమో చెప్పమని నిలదీసింది. ఆవిడది గుండె కాదు, గ్రానైటు అని షాహిదా అప్పటికే తీర్మానించేసుకుంది. మూడోసారి రాసిచ్చిన ఫారం ఏమైందో కనుక్కుందామని వెళ్తే, మేడం మీటింగుకని మధ్యాహ్నమే పుట్టపర్తి పోయిందనీ, ఫైళ్ల సంగతి లింగన్ననే అడగమనీ ఆఫీసులో చెప్పారు.

"అన్నా, నా ఫారం..." అంది.

"ఆడికే వస్తాండా పాపా, కూచో," అన్నాడు లింగన్న. రాలేదు. చంకలో సంచి సర్దుకుని ఎదురుగా ఉన్న ఆటో నడిపే తిప్పేష్ వైపు తిరిగాడు.

"మా మేడం సంతకమంటే ఏమనుకుంటాండవప్పా? మూడేండ్ల కింద హర్ష అని ఒక పిల్లోడు ఫిన్లాండుకు పోతానని వచ్చినాడు. వాని ఫారంలో ఒక సీలు తక్కువుండాది. ఎవురు చూసినారు? నేను చూసినా. మేడం, సీలు లేదు అన్న్యా. శభాష్ లింగన్నా అన్నారు. ఇది మటుకు నిజం."

మిగతావన్నీ ఏమిటో అతనే ఒప్పుకున్నట్టయిందని తిప్పేష్ నవ్వాడు. లింగన్న పట్టించుకోలేదు.

ఫిన్లాండు వాళ్ల పాఠాల పట్టీ వాళ్ల భాషలో వచ్చిందట. మేడం దాన్ని పట్టుకుని కళ్యాణదుర్గంలో బస్సెక్కి, అనంతపురంలో దిగేసరికి ఆ భాష నేర్చేసుకుందట. నేర్చుకుని చదివితే పదమూడో పేజీలో తప్పు దొరికింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? అప్పుడికప్పుడే ఫోను జేసినారు. ఆ పక్క పెద్ద ప్రొఫెసరు. ఏమయ్యా, నీళ్లు ఇంకేది ఇట్లనా చెప్పేది అని అడిగినారు. ఆయప్ప లేచి నిలబన్యాడు. ఫోన్లోనే! కుర్చీ జరిగిన సద్దు నా చెవుల్తో విన్యా."

"అన్నా, ఐదు లోపల..." అంది షాహిదా.

"ఆడికే వస్తాండా. ఆ ప్రొఫెసర్లు పదైదు మంది విమానమెక్కి ఈడికి వచ్చినారు. మేడం ఒక్కొక్కర్నీ కూచోబెట్టి పరీక్ష పెట్టినారు. ముగ్గురే పాసైంది. మిగిలినోళ్లకు లేపాక్షి బసవన్న ముందర కూచోని చదువుకోని రాపోండని చెప్పినారు. పోయినారప్పా! నేనే బస్సెక్కించినా."

ఎండ తగ్గుతోంది కాని, షాహిదా లోపల వేడి పెరుగుతోంది. నాలుగుంబావు. వెళ్లిపోదామంటే ఫారం సంగతి తెలిసినవాడు ఇతనొక్కడే. ఉందామంటే ఇతను ఫిన్లాండు వదిలి ఇవతలికి రావడం లేదు. అయినా వింటూనే ఉంది. అతని నోట్లో మేడం పేరు వచ్చినప్పుడల్లా మొహం వెలిగిపోతోంది, అది మాత్రం కోత కాదని ఆమెకు అనిపించింది.

"అసలు కథ ఇప్పుడుండాది. ఇది ఎక్స్‌ఛేంజి గదా. మనం ఒకర్ని పంపితే వాళ్లొకర్ని పంపల్ల. హర్ష పోయినాడు. ఆడినుంచి వచ్చేకి ఎవురూ లేరు. మేడం అన్నారు, మనిషి లేకుంటే పోనీ, మీకాడ మబ్బులు మస్తుగుండాయి గదా, ఒక మబ్బును పంపండి, ఒక సెమిస్టరు మాకాడ కురిసి పోతుంది అని. సరేనన్నారు. వచ్చినాదప్పా మబ్బు! మన జిల్లాకు సరిపోయేంత మబ్బు, ఆఫీసు కిటికీ కాడికొచ్చి నిలబన్యాది. చెనిక్కాయ రైతులంతా గేటు కాడ చేతులు జోడించినారు. మేడం అద్దాలు పెట్టుకోని, ఏదీ ఫారం అన్నారు. ఇచ్చినాది. అన్నీ ఉండాయి, ఆడుండే మేడం సంతకం లేదు. రైతులు ఏడ్సినారు, నేను కాళ్లు పట్టుకున్యా. మేడం వింటారా? మబ్బైతే ఏమి, మనిషైతే ఏమి, సంతకం లేంది లోపలికి రానీను అని ఫైలు ఇట్ల కొట్టినారు బల్ల మీద!"

ఎట్లాగో చూపించడానికి లింగన్న సంచిలోంచి ఒక ఫైలు లాగి బల్ల మీద టపీమని కొట్టాడు. దారం ఊడి కాగితాలు జారాయి. పై కాగితం రామక్క కాళ్ల దగ్గర పడింది. ఆమె వంగి తీసి, దాని మీద అతికించిన ఫోటో చూసింది, షాహిదా మొహం చూసింది.

"లింగన్నా, ఇది ఈ పాప ఫోటో గదా?"

లింగన్న నాలుక కరుచుకున్నాడు. పొద్దున పదకొండుకే మేడం అతని చేతికిచ్చి రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చి రమ్మన్న ఫైలు అది.

షాహిదా కాగితం లాక్కుని చూసింది. సంతకం ఉంది. వెనక ఆరు పేజీలు, అక్కడి పాఠం ఒకవైపు, ఇక్కడి పాఠం ఒకవైపు, వరసకు వరస మేడం చేతిరాతే. చివర్లో నాలుగు మాటలు: "మూడు పాఠాలు తేడా ఉన్నాయి. ఈ అమ్మాయి తిరిగొచ్చాక ఆదివారాలు నేనే చెబుతాను. దీనికోసం ఏడాది పోగొట్టుకోనక్కర్లేదు. పూచీ నాది." గ్రానైటు అనుకున్న మనిషి ఒక పాఠం కూడా వదలకుండా కూర్చుని రాసింది. షాహిదాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి.

"నాలుగూ నలభై," అన్నాడు తిప్పేష్, ఆటో స్టార్టు చేస్తూ.

లింగన్న టీ వదిలేసి అందరికంటే ముందు ఎక్కాడు. "నా చేత్తో నేనే ఇయ్యల్ల పాపా. మేడం నన్ను నమ్మి ఇచ్చినారు," అన్నాడు. ఆ గొంతులో కోత లేదు.

ఐదుకు ఏడు నిమిషాలుండగా, ఫారం అందిందన్న స్లిప్పు షాహిదా చేతిలో పడింది. తిరిగొచ్చేసరికి రామక్క తాజాగా టీ పెట్టింది. లింగన్న తల వంచుకుని గ్లాసు అందుకున్నాడు.

"ఆ మబ్బు ఫారం గూడా నీ సంచిలోనే యాడో ఉంటాది, సరిగ్గా చూసుకోప్పా," అంది ఆమె. "పదేండ్ల నుంచి వానకు ఎదురుచూస్తాండాము."

అందరూ నవ్వారు. లింగన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే, ఎందుకైనా మంచిదని, ఒకసారి సంచిలోకి తొంగి చూసుకున్నాడు.