గోడ దగ్గర్నుంచి చూపు

బోర్డులు రాసే తండ్రి సొంతంగా వెబ్ డిజైన్ నేర్చుకుంటున్నాడు. నాలుగు మీటలు నొక్కడం, లేచి ఎదురు గోడదాకా వెళ్ళి చూడటం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. కూతురికి ఒళ్ళు మండింది.

“కాలుగాలిన పిల్లిలా ఏంటి నాన్నా ఆ తిరుగుడు?”

“రోడ్డవతల నుంచి చూస్తేగానీ అక్షరం పొందిక తెలీదమ్మా.”

“దీన్ని ఫోన్లో చూస్తారు! ఇదిగో, నువ్వు చేస్తున్న మందులషాపు సైటు, ఫోన్లో షాపు పేరులో ఒక్క అక్షరమే పట్టింది. షాపాయన సాయంత్రమే వస్తానన్నాడు. నచ్చకపోతే పని ఇంకొకరికిస్తాడు.”

“సరిచేస్తాలే!”

“ఆ మూల సైజు అంకె ఉంది, తగ్గించు.”

“ఏ మూల?”

“నీ ముక్కు ముందే!”

ఆయన లేచి మళ్ళీ గోడ దగ్గరికి నడిచాడు.

“అక్కడికెందుకు నాన్నా?”

“ఇక్కణ్ణుంచైతేనే కంటికి ఆనుతుందే తల్లీ. దగ్గరివన్నీ అలుక్కుపోయి రెండేళ్ళయింది.”